పాత పెద్ద హోటల్ సామాను: గుంపగుత్తగా ఇచ్చేయాలా, వస్తువుకో చీటీ అంటించి చీటీ ధరకు అమ్మాలా, వేలం వేయాలా?

మూతపడిన పెద్ద హోటల్లో ఎంత సామాను ఉందో కూర్చుని లెక్క రాసేదాకా ఎవరికీ అందదు. గదికి మంచాలు, పరుపులు, తలవైపు బోర్డులు, పక్కబల్లలు, రాతబల్ల, కుర్చీలు, దీపాలు, అద్దం, పటాలు, కర్టెన్లు, టీవీ, మినీబార్, లాకర్ కలిపి ఇరవై వస్తువులనుకుంటే 300 గదులకు 6,000 అవుతాయి. లాబీ, బాంక్వెట్ హాళ్లు, వంటగది, లాండ్రీ, ఏళ్లుగా బేస్‌మెంటులో పోగుపడిన విరిగిన కుర్చీలు వేరే. మరమ్మతులకో కూల్చివేతకో తేదీ ముందే పడి ఉంటుంది. ఆ తేదీలోపు ఇదంతా గుమ్మం దాటాలి.

యజమానులు మొదట అడిగేది "ఏ పద్ధతిలో ఎక్కువ డబ్బొస్తుంది?" అని. అడగాల్సింది అది కాదు. ఆఖరి పరుపు కూడా బయటికి వెళ్లాక, కూలీ, లారీ, కరెంటు, కాపలా, చెత్త ఖర్చులు పోను చేతిలో ఎంత మిగులుతుందన్నదే లెక్క. మంచి సామాను ఏ పద్ధతిలోనైనా అమ్ముడుపోతుంది. మిగిలిపోయే సామాను ఎవరి నెత్తిన పడుతుందన్న దాన్నిబట్టే పద్ధతుల మధ్య అసలు తేడా తేలుతుంది.

పద్ధతి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

*ఏది మీది?* హోటల్లో ఉన్నదంతా హోటల్‌ది కాదు. గిన్నెలు కడిగే యంత్రం చాలాచోట్ల సబ్బు రసాయనాలు సరఫరా చేసేవాళ్లది. కాఫీ యంత్రాలు, ప్రింటర్లు, కొన్నిసార్లు టీవీలు లీజు మీద ఉంటాయి. దుప్పట్లు, తువ్వాళ్లు లాండ్రీ కంపెనీ అద్దెకిచ్చినవి కావచ్చు. కొంత సామాను మీద బ్యాంకు తాకట్టు ఉండొచ్చు. భవనం ఇంకొకరికి అమ్ముడైతే షాండ్లియర్లు, గోడకు బిగించిన చెక్కపని, బార్ కౌంటరు భవనంతోపాటు వెళ్లేవా, సామానులో భాగమా అన్నది అమ్మకపు ఒప్పందంలో రాసుకోవాలి. వారసత్వ కట్టడంగా నమోదైన భవనమైతే కొన్ని లోపలి భాగాలను అనుమతి లేకుండా ఊడదీయకూడదు. పెద్ద గొలుసు హోటళ్ల బ్రాండు పేరు మీద నడిచినదైతే, ఆ గుర్తు ఉన్న వస్తువులను అమ్మవచ్చో లేదో ఫ్రాంచైజీ ఒప్పందం చెబుతుంది. ఇదంతా తేలకుండా వేలం ప్రకటిస్తే పాట పాడినవారికి, అసలు యజమానికి మధ్య మీరు ఇరుక్కుంటారు.

*లిఫ్టు ఎంత మోస్తుంది?* గడువును నిర్ణయించేది కొనేవాళ్లు కాదు, సర్వీస్ లిఫ్టు. ఒక గది సామానుకు మూడు ట్రిప్పులు, ట్రిప్పుకు ఎక్కించి దించి తిరిగి రావడానికి 8 నిమిషాలు అనుకోండి. 300 గదులకు 900 ట్రిప్పులు, అంటే 7,200 నిమిషాలు, అంటే 120 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున లిఫ్టు ఒక్కసారి కూడా మొరాయించకుండా నడిస్తేనే 15 రోజులు పడుతుంది. పాత హోటల్లో పాత లిఫ్టు కాబట్టి, అమ్మకం నడిచే రోజులన్నిటికీ లిఫ్టు మెకానిక్‌ను పిలిస్తే వచ్చేలా మాట్లాడుకోవాలి. కరెంటు కనెక్షన్ తొందరపడి తీసేయించి, ఎనిమిదో అంతస్తు నుంచి మెట్ల మీద బీరువాలు దించే దుస్థితి తెచ్చుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

*విలువ ఎక్కడుంది?* ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. భవనానికి వందేళ్లుండొచ్చు, గదుల్లో ఫర్నిచర్‌కు ఉండదు. హోటళ్లు కర్టెన్లు, కార్పెట్లు, సోఫా బట్టలు ఐదారేళ్లకోసారి, చెక్క సామాను పది పదిహేనేళ్లకోసారి మార్చేస్తుంటాయి. కాబట్టి పాత హోటల్ గదిలో ఉన్నది చాలాసార్లు చెక్కపొట్టును జిగురుతో అదిమి, పైన లామినేట్ అతికించిన పార్టికల్ బోర్డే. సొరుగు పూర్తిగా బయటికి లాగి మూల చూడండి. పళ్లు పళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి ఇమిడ్చిన అతుకు ఉంటే గట్టి చెక్క పని అయ్యే అవకాశం ఉంది. స్టేపుల్ పిన్నులూ, అంచున పొట్టులాంటి చెక్కా కనిపిస్తే అది ఊడదీసి మళ్లీ బిగిస్తే నిలవని సరుకు. కుర్చీ తిరగేసి తయారీదారు చీటీ ఉందేమో వెతకండి. నిజంగా పాతవి సాధారణంగా లాబీలో, సూట్ గదుల్లో, మేనేజరు గదిలో, అటకమీద, బేస్‌మెంటు మూలల్లో ఉంటాయి.

పేరున్న హోటల్ లెక్క వేరు. 2018లో పారిస్ రిట్జ్ హోటల్ సామానును ఆర్ట్‌క్యూరియల్ సంస్థ వేలం వేసినప్పుడు సుమారు 3,500 లాట్లకు (లాటు అంటే ఒకే పాటకు పెట్టే వస్తువు లేదా వస్తువుల గుంపు) 70 లక్షల యూరోలకు పైగా వచ్చింది. ముందు వేసుకున్న అంచనాకు అది అనేక రెట్లు. లండన్‌లో సావోయ్ హోటల్ 2007 డిసెంబరులో మరమ్మతులకు మూతపడినప్పుడు బోన్‌హామ్స్ సంస్థ 3,000 లాట్ల వేలం నడిపింది. అక్కడ జనం కొన్నది బల్లనూ దీపాన్నీ కాదు, ఆ పేరును. మీ హోటల్ పేరు ఊరి బయట ఎవరికీ తెలియకపోతే ఈ ఉదాహరణలు చూసి ఆశ పెంచుకోకండి.

*"ఖాళీ" అంటే ఏమిటి?* ఊడ్చి ఇవ్వడమా? కార్పెట్ పీకి ఇవ్వడమా? గోడల్లో మేకులు కూడా తీసి ఇవ్వడమా? ఈ మూడింటికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది. భవనం తీసుకునేవారి దగ్గర రాతపూర్వకంగా అడిగాకే సామాను కొనేవారితో బేరం మొదలుపెట్టాలి.

ఒక్క చూపులో

| చూసేది | గుంపగుత్త | చీటీ ధర అమ్మకం | వేలం | ఏరి విడిగా అమ్మడం, దానం |
|---|---|---|---|---|
| పట్టే కాలం | 1–3 వారాలు | 3–6 వారాలు | సన్నాహంతో 6–10 వారాలు | కొనేవారు దొరికినప్పుడు |
| డబ్బు చేతికొచ్చేది | ముందే, ఒకేసారి | రోజూ కొంచెం కొంచెం | పాట ముగిసి లెక్క తేలాక | విడతలుగా |
| మీకు పడే పని | తక్కువ | చాలా ఎక్కువ, లేదా కంపెనీకి కమిషన్ | మధ్యస్థం, తరలింపు రోజుల్లో ఎక్కువ | వస్తువుకొక బేరం |
| జనం రాకపోకలు | లేవు | రోజంతా, అంతస్తులన్నిటా | చూసే రోజు, తరలించే రోజులు | తక్కువ |
| మిగులు సామాను | కొన్నవారిది (ఒప్పందంలో రాస్తేనే) | మీది | మీది | దాదాపు అంతా మీది |
| బాగా నప్పేది | గడువు దగ్గరపడినవారికి | ఊళ్లో పేరున్న, రోడ్డు పక్కనున్న హోటల్‌కు | వంటగది యంత్రాలకు, పాత వస్తువులకు | ఒకటి రెండు ఖరీదైన ముక్కలున్నవారికి |

గుంపగుత్త

ఒక వ్యాపారి వచ్చి మొత్తం తిరిగి చూసి, ఒక అంకె చెప్పి, తనే మోసుకెళ్తాడు. ఆ అంకె వినగానే మనసు చివుక్కుమంటుంది. అందులో అతని కూలీ, లారీలు, గోదాము అద్దె, అమ్ముడుపోని సరుకు నష్టం అన్నీ ముందే తీసేసి ఉంటాయి. ఆ ఖర్చులు మీరు పెట్టుకుంటే ఎంతవుతుందో లెక్కేశాకే అది తక్కువో కాదో చెప్పాలి. సామాను చాలా మామూలుదైతే వ్యాపారే మిమ్మల్ని ఎదురు డబ్బు అడగొచ్చు. అదీ అన్యాయం కాకపోవచ్చు.

ప్రమాదం ఒక్కటే, అది అందరికీ ఎదురయ్యేదే. మొదటి వారంలో బల్లల పైనుండే రాతి పలకలు, ఇత్తడి, స్టీలు బల్లలు, మంచి సోఫాలు వెళ్లిపోతాయి. రెండో వారం లారీ రాదు. మూడో వారం ఫోన్ ఎత్తరు. 300 పరుపులు మీ దగ్గరే ఉంటాయి. దీనికి మందు కొనుగోలు ధరకు అదనంగా పూచీ డిపాజిట్ తీసుకుని, ఆఖరి అంతస్తు తాళం చేతికొచ్చాకే తిరిగి ఇవ్వడం. ఆ డిపాజిట్ మిగులును బయట పారేయించడానికి అయ్యే ఖర్చు కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే అతనికి దాన్ని వదులుకోవడమే లాభం. ఇంకో కట్టడి: పై అంతస్తు నుంచి మొదలుపెట్టి ఒక అంతస్తు పూర్తిగా ఖాళీ చేశాకే కింది అంతస్తు తెరవాలి. లాబీ ఆఖరున.

ఒకే రకం సెట్లు వందల్లో ఉంటే వ్యాపారి కంటే మంచి గుంపగుత్త కొనుగోలుదారు ఇంకొకరున్నారు. చిన్న లాడ్జీ, విద్యార్థుల హాస్టల్, కంపెనీ సిబ్బంది క్వార్టర్స్ కట్టేవాళ్లు. అరవై గదులకు అరవై ఒకే మాదిరి సెట్లు దొరకడమే వాళ్లకు కావాలి. వ్యాపారి ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తారు. అయితే వాళ్ల భవనం ఎప్పుడు సిద్ధమవుతుందో అప్పుడే తీసుకెళ్తారు, ఆ తేదీ మీ తేదీకి కుదరాలి.

చీటీ ధర అమ్మకం

ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటించి తలుపులు తెరవడం. సొంతంగా చేయొచ్చు, లేదా ఇదే పనిగా చేసే కంపెనీకి వసూళ్లలో వాటా ఇచ్చి అప్పగించవచ్చు. కంపెనీతో మాట్లాడేటప్పుడు వాటా శాతం ఒక్కటే చూడకూడదు. ప్రకటనలు, కూలీలు, కాపలా, శుభ్రం చేయడం ఎవరి ఖాతాలోకి వెళ్తాయో చూడాలి. వాటా తక్కువ అడిగి ఖర్చులన్నీ మీ మీద వేసే కోట్ కంటే, వాటా ఎక్కువ అడిగి ఖర్చులు తనే భరించే కోట్ చివరికి చౌకగా తేలవచ్చు.

ఈ పద్ధతిలో వసూళ్లకు ఊతం చిన్న వస్తువులు. గది నంబరు పలకలు, ఇత్తడి తాళం బిళ్లలు, హోటల్ గుర్తు చెక్కిన చెంచాలు, పాత మెనూ కార్డులు, రిసెప్షన్ గంట. ఆ హోటల్లో పెళ్లి చేసుకున్నవాళ్లు, పనిచేసినవాళ్లు వీటి కోసం వస్తారు. లిఫ్టు అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. వీటిని మొదటిరోజుకు ముందే ఊడదీసి కౌంటరు దగ్గర గాజు పెట్టెలో పెట్టండి. అలా చేయకపోతే స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకొచ్చినవాళ్లు ఉచితంగా పట్టుకుపోతారు. తలుపు గుబ్బలదీ అంతే.

మొదటి శని, ఆదివారాల్లోనే మంచివన్నీ పోతాయి. ఆ తర్వాత తగ్గింపు తప్పదు. కొన్నాళ్లకు పాతిక శాతం, ఆపైన సగం, ఆఖరి రోజుల్లో గదికింత. ఈ పట్టికను ముందే బయటపెట్టకండి, జనం సగం ధర వారం కోసం కాచుకుంటారు. చీటీ రెండు భాగాలుగా ఉండాలి. సగం చించి కొన్నవారికి, సగం వస్తువు మీదే. ఒకే చీటీ వాడితే అమ్ముడైన వస్తువును మరొకరికి అమ్మేస్తారు. దారి ఒక్కటే తెరవాలి, కానీ అగ్నిమాపక మెట్ల తలుపులకు తాళం వేయకూడదు. అక్కడ మనిషిని కూర్చోబెట్టాలి. బీమా కంపెనీకి ముందే చెప్పాలి, మూతపడిన భవనంలో జనం తిరుగుతున్నారంటే మామూలు పాలసీ వర్తించకపోవచ్చు.

వేలం

సామాను రకరకాలుగా ఉండి, ధర ఎంతో మీకే తెలియనప్పుడు వేలం మేలు. ఆన్‌లైన్ వేలంలో లాట్లు ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటాయి. ఆఖరి నిమిషంలో పాట వస్తే గడువు కొద్ది నిమిషాలు పెరుగుతుంది. పాట పాడినవారు ఖరారైన ధరపై వేలం సంస్థకు అదనంగా కొంత శాతం కడతారు, 15 నుంచి 25 వరకు మామూలే. ఆ భారం కొనేవారిదే కదా అని ఊరుకోవద్దు. పాటదారులు దాన్ని ముందే లెక్కేసుకుని పాట తగ్గించుకుంటారు. మీ దగ్గర తీసుకునే కమిషన్ ఎంత, వాళ్ల దగ్గర తీసుకునేది ఎంత, రెండూ కలిపి చూడండి.

లాట్లు కట్టడంలోనే వేలం గెలుపోటములు. 600 పక్కబల్లలను జతలుగా విడగొడితే 300 లాట్లు. జాబితా తయారీకే రోజులు పడతాయి, సరుకు వరదలా కనపడి ధర పడిపోతుంది. అన్నీ ఒకే లాటుగా పెడితే వ్యాపారులు తప్ప ఎవరూ పాడరు. మధ్యేమార్గం: కొన్ని జతలు మామూలు జనానికి, మిగతావి అంతస్తువారీగా 20 నుంచి 50 చొప్పున. ఇంకో పద్ధతి, పాట ఒక్క వస్తువు ధర మీద నడుస్తుంది, గెలిచినవారు అదే ధరకు ఎన్ని కావాలంటే అన్ని తీసుకుంటారు, మిగిలినవి తర్వాతివారికి. బాంక్వెట్ కుర్చీలకు, గుండ్రటి మడత బల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. మంచి లాటుతో చెత్త లాటును ముడిపెట్టే ఎత్తు మాత్రం వద్దు. కొన్నవారు మంచిది తీసుకుని చెత్తను నడవలో వదిలేసి పోతారు.

కనీస ధర పెట్టాలా? నిజంగా విలువైన పదో ఇరవయ్యో వస్తువులకు పెట్టండి. మిగతావాటికి వద్దు. అమ్ముడుపోని మంచానికి మీరు ఆశించిన ధర ఉండదు, దాన్ని దించి పారేసే ఖర్చే ఉంటుంది.

వేలంలో అసలు చిక్కు పాట అయిపోయాక మొదలవుతుంది. 400 మంది కొన్నారనుకోండి. సామాను ఎక్కించే చోట ఒకేసారి రెండు బండ్లు, బండికి అరగంట, రోజుకు ఎనిమిది గంటలు. అంటే రోజుకు 32 బండ్లు, పదమూడు రోజులు. దీన్ని తగ్గించాలంటే అమ్మిన సామానును ముందే కిందికి దింపి బాంక్వెట్ హాల్లో లాటు నంబరు ప్రకారం పేర్చాలి. ఖర్చు మీదే, అయినా 400 మంది అంతస్తుల్లో తిరిగి గోడలు గీకడం కంటే నయం. తీసుకెళ్లని లాటుకు డబ్బు తిరిగి రాదని, సరుకు మళ్లీ మీదవుతుందని వేలం షరతుల్లో ఉండాలి. అలా వదిలేసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు.

నిజమైన పురాతన వస్తువులను మామూలు సామానుతో కలిపి వేలం వేయకండి. వాటిని ఆ రంగంలో నిపుణులైన వేలం సంస్థకు పంపండి. ఆరునెలలు ఆలస్యమైనా నష్టం లేదు, అవి పట్టే చోటు ఒక గది. పంపేముందు ఒక సంగతి: పాత పియానో మీటలపై ఏనుగు దంతం, బల్లలకు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ ఉంటే దేశం దాటించడం మీద సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలున్నాయి. ఆ రోజ్‌వుడ్ 1992 నుంచి దాని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది. కాగితాలు లేకుండా విదేశీ పాటదారుకు అమ్మితే సరుకు కస్టమ్స్‌లో ఆగిపోతుంది.

దానం

డబ్బు రాదు, మోత ఖర్చు కొంత తగ్గుతుంది. పన్ను మినహాయింపు ఉంటుందా అన్నది ఆయా దేశపు చట్టాన్నిబట్టి. దుప్పట్లు, తువ్వాళ్లు, పింగాణీ, దీపాలు ఆశ్రమాలూ సహాయ సంస్థలూ సంతోషంగా తీసుకుంటాయి. పరుపులు చాలామంది తీసుకోరు. వాళ్లు వచ్చే రోజు ఖాయం చేసుకుని, ఎంత తీసుకోగలరో ముందే అడగండి. ఒక చిన్న వ్యానుతో వచ్చి ముప్పై దీపాలు తీసుకెళ్తే మీ అంతస్తు ఖాళీ కాదు.

పద్ధతి ఏదైనా ఇబ్బంది పెట్టే సామాను

పరుపులు అన్నిటికంటే కష్టం. వాడిన పరుపుల అమ్మకంపై చాలాచోట్ల నిబంధనలున్నాయి. నల్లులు ఉన్నాయన్న పుకారు ఒక్కటి చాలు, సోఫాలు కూడా ఎవరూ ముట్టరు. అమ్మకానికి ముందే తనిఖీ చేయించి కాగితం చేతిలో పెట్టుకోండి. పరుపులు పారేయడానికి కొటేషన్ మొదటి వారంలోనే తీసుకోండి. అన్ని బేరాల్లోనూ మీరు పట్టుకోవాల్సిన అంకె అది.

షాండ్లియర్ దించేముందు కరెంటు తీయించి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ఒక్కో కొమ్మకూ, ఒక్కో గాజు వరుసకూ నంబరు కట్టాలి. నంబర్లు లేని గాజు పెట్టెలు ఎవరూ కొనరు. పాతవాటికి పైన చేతితో తిప్పే గిలక ఉండొచ్చు, దాన్ని నమ్మి దించకుండా విడిగా గొలుసు కప్పీ కట్టించండి.

బల్లల పైనుండే రాతి పలకలను అద్దాన్ని మోసినట్టు నిలువుగానే పట్టుకోవాలి. అడ్డంగా పడుకోబెట్టి ఎత్తితే తన బరువుకే మధ్యలో విరుగుతుంది. పటాలు దొంగతనం కాకుండా ప్రత్యేకమైన స్క్రూలతో బిగించి ఉంటాయి. వాటిని విప్పే రెంచి మెయింటెనెన్స్ గదిలో ఎక్కడో ఉంటుంది, సిబ్బంది వెళ్లిపోకముందే వెతికించండి. లేకపోతే పీకినప్పుడు గోడ పెచ్చులూ ఫ్రేమూ రెండూ పోతాయి. అతికించిన పెద్ద అద్దాలను వదిలేయండి.

మినీబార్లలో చాలావరకు అమ్మోనియాతో పనిచేసేవి, పాత ఫ్రిజ్‌లలో ఓజోన్‌ను దెబ్బతీసే వాయువులుంటాయి. తుక్కువాడికి నేరుగా ఇవ్వకూడదు. పాత డబ్బా టీవీల గాజులో సీసం, ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటాయి, ఇవన్నీ విడిగా పారేయాల్సిన చెత్త. లాకర్ల మాస్టర్ కోడ్ రీసెట్ చేసి తెరిచి ఉంచండి. రిసెప్షన్ కంప్యూటర్ల హార్డ్‌డిస్కులు ఊడదీసి ధ్వంసం చేయించాకే కంప్యూటర్లు అమ్మండి, వాటిలో అతిథుల గుర్తింపు కార్డుల నకళ్లుంటాయి.

వంటగదికి గ్యాస్, నీరు, కరెంటు విడదీయడం కొన్నవారి పనిగా వదలకండి. మీ సొంత ఫిట్టర్‌తో విడదీయించి, పైపు మూతలు బిగించి, ఆ తర్వాత తీసుకెళ్లనివ్వండి. సింకు పీకేసి వాల్వు వదిలేస్తే కింది అంతస్తు మునుగుతుంది. వాకిన్ కూలర్ (మనిషి లోపలికి వెళ్లగలిగే శీతల గది) గోడలు లాక్‌తో కలిసే పలకలు, సరిగా విప్పితే మళ్లీ నిలుస్తాయి, రంపంతో కోస్తే తుక్కే. స్టీలు పనిబల్లలు మాత్రం ఏ పద్ధతిలోనైనా మొదట పోయేవే.

పాత భవనమైతే పైపుల మీది చుట్టులోనూ, నేల పలకల్లోనూ ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు. కార్పెట్, గోడ పలకలు పీకే ముందే పరీక్ష చేయించండి.

ఎవరికి ఏది

నెలకంటే తక్కువ గడువుంటే గుంపగుత్త తప్ప వేరే దారి లేదు. పేరున్న హోటల్, మూడు నెలల వ్యవధి ఉంటే మొదట పాత వస్తువులూ గుర్తు వస్తువులూ వేలానికి, తర్వాత మూడు వారాలు చీటీ ధర అమ్మకం, ఆఖరున మిగిలినదంతా గుంపగుత్త. ఈ వరుస తిప్పితే చెడుతుంది. గుంపగుత్త వ్యాపారిని ముందు పిలిస్తే మంచివి అతనివి, చెత్త మీది.

మామూలు వ్యాపార హోటల్, 80–100 గదులు, ఒకే మాదిరి ఫర్నిచర్ అయితే హాస్టళ్లూ లాడ్జీలను నేరుగా వెతకండి, వంటగదిని ఒక్కదాన్నే వేలం వేయండి. చీటీ ధర అమ్మకం పెట్టుకోకండి. పార్టికల్ బోర్డు బల్ల కోసం జనం క్యూ కట్టరు, కాపలా ఖర్చు మాత్రం రోజూ నడుస్తుంది.

హోటల్ తెరిచే ఉండి, అంతస్తువారీగా మరమ్మతులు చేస్తున్నవారికి దారి వేరు. జనాన్ని లోపలికి రానిచ్చే పద్ధతి ఏదీ కుదరదు. ఒక్కో అంతస్తును ఒక్కో బేరంగా ఒకే వ్యాపారికి ఇచ్చి, అతని పనితీరు చూసి తర్వాతి అంతస్తు ఇవ్వడం మేలు.

సంతకానికి ముందు ఒప్పందంలో చూడాల్సినవి: ఆఖరి తేదీ, దాటితే రోజుకింత జరిమానా, ఖాళీ అంటే ఏమిటో ఒక్కో రకం గదికి విడిగా, కొనేవారి కూలీలకు బీమా కాగితం, గోడ, లిఫ్టు, మంటలార్పే నీళ్ల స్ప్రింక్లర్ దెబ్బతింటే ఎవరు కట్టాలి, ముట్టుకోకూడని వస్తువుల జాబితా ఫొటోలతో సహా. ఆ జాబితాలోని ప్రతి వస్తువుకూ ఎర్ర టేపు అంటించి, సంతకాలు పడిన రోజునే ఇరుపక్షాలూ కలిసి అంతస్తులన్నీ తిరిగి చూసుకోవాలి.